కలకి పొగ అక్కర్లేదు: ‘ఇవాన్ బాల్యం’ మీద ప్రసంగం

(విశాఖపట్నంలో సినిమా ప్రదర్శన ముగిశాక చేసిన ప్రసంగం. ఆ సాయంత్రం రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాసిన పాఠం. రెండో ప్రపంచ యుద్ధంలో అమ్మని, చెల్లిని పోగొట్టుకుని, సోవియట్ సైన్యం కోసం శత్రువుల వైపు వెళ్ళి వేగు చూసి వచ్చే పిల్లాడు ఇవాన్; సినిమా వాడి కథ.)

అందరికీ నమస్కారమండీ. వెనకాల నిలబడినవాళ్ళు ముందుకి రండి, ఇటు పక్క కుర్చీలు ఖాళీగా ఉన్నాయి.

సినిమా ఇప్పుడే చూశారు, కథ మళ్ళీ చెప్పను. ఒక్క ప్రశ్న అడుగుతాను. ఈ సినిమాలో ఎన్ని కలలున్నాయి? మూడా? అటుపక్క నాలుగంటున్నారు. ఐదు అని ఎవరో అన్నారు, ఎవరమ్మా? సరే. నాలుగన్నవాళ్ళ లెక్క సరైనది. మూడన్నవాళ్ళదీ తప్పు కాదు, ఎందుకో చివర్లో చెబుతాను. ఐదన్న అమ్మాయి ఏ సీను కలిపి లెక్కేసిందో నాకు అర్థమైంది, దానికీ వస్తాను. ఇవాళ నేను మాట్లాడేది ఆ కలల గురించే. ఆ కలలు ఎందుకున్నాయి, ఎలా కట్టారు, వాటిని చూసి మనవాళ్ళు తీయబోతే ఎక్కడ బెడిసికొడుతుంది. ఇక్కడ షార్ట్ ఫిల్ములు తీసేవాళ్ళు సగం మంది ఉన్నారని విన్నాను, అందుకని కొంచెం పనిముట్ల సంగతి కూడా చెబుతాను, మిగతావాళ్ళు ఓపిక పట్టాలి.

ముందు పుట్టుపూర్వోత్తరాలు, క్లుప్తంగా. 1962లో వచ్చిన సోవియట్ సినిమా. మాస్కో స్టూడియో మోస్‌ఫిల్మ్ వాళ్ళది. 95 నిమిషాలు. ఆంద్రేయ్ తార్కోవ్‌స్కీకి మొదటి పెద్ద సినిమా, అప్పటికి ఆయనకి ముప్ఫై ఏళ్ళు. అసలు ఇది ఆయన మొదలుపెట్టిన సినిమా కాదు. ఎదువార్ద్ అబాలొవ్ అనే దర్శకుడు మొదలుపెట్టాడు. తీసిన భాగం చూసి, ఇది పనికిరాదని 1960 డిసెంబరులో స్టూడియో ఆపేసింది. 1961 జూన్‌లో తార్కోవ్‌స్కీ చేతిలో పెట్టారు. అంటే సగం ఖర్చయిపోయిన డబ్బు, సగం అయిపోయిన గడువు. అలాంటి పని ఒప్పుకున్న కుర్రాడు జాగ్రత్తగా, ఉన్నది ఉన్నట్టు తీసి బయటపడాలి కదా? ఈయన కెమెరామన్ వదీం యూసొవ్‌ని తెచ్చుకున్నాడు, సంగీతానికి ఓవ్చిన్నికొవ్‌ని తెచ్చుకున్నాడు, ఇవాన్‌గా కోల్యా బుర్ల్యాయెవ్‌ని పెట్టుకున్నాడు, పెట్టుకుని కథలో లేని కలల్ని తెచ్చి సినిమాకి వెన్నెముకగా బిగించాడు. ఆ ఏడాదే వెనిస్‌లో చిత్రోత్సవపు పెద్ద బహుమతి గోల్డెన్ లయన్ వచ్చింది, ఇంకో ఇటలీ సినిమాతో కలిపి పంచి ఇచ్చారు.

కథలో లేని కలలు అన్నాను, అది గమనించండి. మూలం వ్లదీమిర్ బొగమోలొవ్ రాసిన ‘ఇవాన్’ అనే నవలిక. అందులో కథ చెప్పేది లెఫ్టినెంట్ గాల్త్సెవ్. అంటే పాఠకుడికి ఇవాన్ ఎప్పుడూ బయటినుంచే కనిపిస్తాడు. వస్తాడు, వెళ్తాడు, మళ్ళీ వస్తాడు, ఇక రాడు. చివరికి జర్మన్ల కాగితాల్లో ఒక తేదీ, ఒక టైము. కథగా అది చాలా గట్టి పద్ధతి. తెర మీద అదే పద్ధతి పెడితే ఏమవుతుంది? ఒక మొండి పిల్లాడు కనిపిస్తాడు. పన్నెండేళ్ళవాడు, పెద్దవాళ్ళ మీద కేకలేస్తాడు, లెఫ్టినెంటుకే హుకుం జారీ చేస్తాడు, హెడ్‌క్వార్టర్స్‌కి ఫోన్ చెయ్యమంటాడు, నా గురించి నువ్వు అడక్కూడదంటాడు. ఆ మొండితనం కింద ఏముందో తెలియాలంటే ఇద్దరు కూర్చుని మాట్లాడుకోవాలి, “పాపం వీడికి అమ్మ లేదు, చెల్లి లేదు” అని. ఆ మాటల సీను రాస్తే సినిమా చచ్చిపోతుంది. దాని బదులు ఆయన ఆ పిల్లాణ్ణి నిద్రపుచ్చాడు. నిద్రలో మాత్రమే వాడు పిల్లాడు. నా దృష్టిలో ఈ సినిమాకి తాళంచెవి అదే.

మధ్యలో ఇంకో మాట. మొదట స్క్రిప్టు రాసిన పాపావా గారు ఇవాన్ని బతికించారు. యుద్ధం అయ్యాక గాల్త్సెవ్‌కి రైల్లో పెద్దవాడైన ఇవాన్ ఎదురవుతాడు, పెళ్ళయింది, భార్య గర్భవతి. బొగమోలొవ్ ఒప్పుకోలేదు. ఒప్పుకోకపోవడమే మంచిదైంది. వాడు బతికి ఉంటే మనం చూసిన నాలుగో కలకి చోటే లేదు.

సరే, కల. మన సినిమాల్లో కల వస్తోందని ఎలా తెలుస్తుంది? చెప్పండి. పొగ. ఆ, పొగ. తెర అంచులు మసకబారతాయి. వీణ మీదో హార్ప్ మీదో ఒక తీగ జారుతుంది. తెల్లబట్టలు. స్లో మోషన్. ఇంకేముంది, డ్రీమ్ సాంగ్. ఇవన్నీ ప్రేక్షకుడికి “ఇది నిజం కాదు, గాభరాపడకు” అని చెప్పే బోర్డులు. ఈ సినిమాలో మొదటి కల గుర్తు తెచ్చుకోండి. సినిమా మొదలవడమే కలతో మొదలవుతుంది, కలని మనకి చెప్పరు కూడా. సాలెగూడు, దాని వెనక పిల్లాడి మొహం. లేత చెట్టు. ఎండ. కుకూ పక్షి కూస్తోంది. మేక మొహం. వేళ్ళు బయటికొచ్చిన మట్టిగట్టు. ఎక్కడన్నా పొగ ఉందా? ప్రతి దారం కనిపిస్తోంది. ఆకు మీద నూగు కనిపిస్తోంది. మిట్టమధ్యాహ్నపు వెలుతురు.

ఇప్పుడు మెలకువ చూడండి. గాలిమర లోపల వాలిపోయిన దూలాలు, వంకరగా పట్టిన ఫ్రేము, బయట మంచు, నీళ్ళలో నిలబడి చచ్చిపోయిన చెట్లు, ఆకాశంలో మెల్లగా దిగే వెలుగు గుండ్లు, అంటే ఫ్లేర్లు. పొగ ఎక్కడుంది? మెలకువలో ఉంది. మసక ఎక్కడుంది? మెలకువలో ఉంది. పీడకలకి పెట్టాల్సిన సరంజామా అంతా యుద్ధానికి పెట్టాడు, రోజువారీ జీవితానికి పెట్టాల్సిన వెలుతురంతా కలకి పెట్టాడు. అర్థమైందా? ఆ పిల్లాడికి ఏది మామూలు, ఏది మామూలు కాదు అన్నది మాటల్లో చెప్పకుండా లైటింగుతో చెప్పాడు.

మరి కలని ఎలా తెలుస్తుంది? ప్రతి కలలో ఒకటి, మహా అయితే రెండు జరగలేనివి పెట్టాడు. అంతకుమించి లేవు. మొదటి కలలో పిల్లాడు నేల వదిలి లేస్తాడు. రెండో కలలో నూతిలో పట్టపగలు నక్షత్రం. మూడో కలలో చెట్లు తెల్లగా, ఆకాశం నల్లగా. చుట్టూ అంతా నమ్మదగ్గట్టు ఉంటేనే ఆ ఒక్కటీ పనిచేస్తుంది. మన కుర్రాళ్ళ షార్ట్ ఫిల్ముల్లో కల సీను అనగానే పది వింతలు పెడతారు. గడియారం వెనక్కి తిరుగుతుంది, అద్దంలో బొమ్మ మారుతుంది, తలుపు గాల్లో ఉంటుంది. పది పెడితే పదీ అలంకారం అయిపోతాయి. ఒకటి పెట్టండి.

కుకూ సంగతి చెప్పి ముందుకెళ్తాను. మనకి కోకిల కూస్తే వసంతం, మామిడి పూత. రష్యన్ పల్లెల్లో వేరే నమ్మకం ఉంది. కుకూ ఎన్నిసార్లు కూస్తే అన్నేళ్ళ ఆయుష్షు మిగిలిందని లెక్కపెట్టుకుంటారు. ఆ పిల్లాడు అమ్మ దగ్గరికి పరుగెత్తి, బక్కెట్లో మొహం పెట్టి నీళ్ళు తాగి, తలెత్తి చెప్పేది ఏమిటి? అమ్మా, అక్కడ కుకూ ఉంది అని. ఆ వెంటనే తుపాకీ మోత. అమ్మని కాల్చినవాణ్ణి చూపించడు, తుపాకీ చూపించడు. అమ్మ మొహం, ఆ చప్పుడు, అంతే.

ఇప్పుడు రెండో కల. దీన్ని కాస్త తీరిగ్గా చూద్దాం, ఎందుకంటే కలలోకి ఎలా దిగాలో ఇంతకన్నా బాగా నేర్పిన సీను నాకు తెలిసి లేదు.

ఇవాన్ నది దాటి వచ్చాడు. జేబులోంచి గింజలు, ఆకులు, పైన్ సూదులు తీసి బల్ల మీద పేర్చాడు. అవి వాడి లెక్కలు. శత్రువు దగ్గర ఏవి ఎన్ని ఉన్నాయో ఒక్కో రకం గింజకి ఒక్కో అర్థం. పట్టుబడితే కాగితం ఉండకూడదు కదా, పిల్లాడి జేబులో గింజలుంటే ఎవరు పట్టించుకుంటారు? ఆ గింజలు చూసి మనం ఆడుకునే వస్తువులు అనుకుంటాం. అవి ఆయుధాలు. ఒళ్ళంతా బురద. స్నానం చేయిస్తే బురద కింద పిల్లాడు బయటపడ్డాడు, వీపు మీద మచ్చ బయటపడింది. తిండి ముందు పెడితే కొంచెం తిని నిద్రలోకి జారిపోయాడు. గాల్త్సెవ్ ఎత్తుకెళ్ళి పడుకోబెట్టాడు.

అక్కడినుంచి చూడండి. నీటి చుక్కలు పడుతున్న చప్పుడు. ఇది ఆ గదిలో ముందునుంచీ ఉంది, మనం అలవాటు పడిపోయాం. మంచం మీంచి వేలాడుతున్న చెయ్యి. వేళ్ళ మీంచి నీళ్ళు కారుతున్నాయి. కెమెరా మెల్లగా పైకి తిరుగుతుంది. పైన ఏముండాలి? కప్పు ఉండాలి. కప్పు లేదు. నూతి గోడలు ఉన్నాయి, పైన గుండ్రటి వెలుతురు, అక్కడినుంచి వంగి కిందికి చూస్తున్న ఇవాన్, వాళ్ళమ్మ. అంటే మంచం నూతి అడుగున ఉంది. పడుకున్నవాడు కింద, కలలోవాడు పైన, ఇద్దరూ ఒకే షాట్‌లో, మధ్యలో కట్ లేదు.

కట్ లేకపోవడం ఎందుకు అంత ముఖ్యం? కట్ చేస్తే ప్రేక్షకుడు ఒక గదిలోంచి ఇంకో గదిలోకి వెళ్తాడు. డిజాల్వ్ చేస్తే, అంటే ఒక బొమ్మ కరిగి ఇంకో బొమ్మ తేలేలా చేస్తే, “ఇప్పుడు కల” అని బోర్డు పెట్టినట్టు. ఇక్కడ రెండూ లేవు. మనల్ని మోసుకెళ్ళింది నీళ్ళ చప్పుడు. మెలకువలో ఉన్న వస్తువే కలలో కూడా ఉంది. ఇదే సూత్రం మీరు వాడుకోవాలంటే మూడు పనులు చెయ్యాలి. ఏ వస్తువు దాటిస్తుందో ముందు నిర్ణయించుకోండి: నీళ్ళు కావచ్చు, కుట్టుమిషను చప్పుడు కావచ్చు, కుక్కర్ కూత కావచ్చు. ఆ చప్పుడుని కలకి కనీసం ఒక నిమిషం ముందునుంచే సీనులో వినిపించండి, పాత్ర ఎవరూ దాని గురించి మాట్లాడకూడదు. తర్వాత, బొమ్మ మారే లోపే కొత్త చోటి గొంతు ఒకటి వినపడాలి. చప్పుడు ముందు, బొమ్మ వెనక. చాలామంది బొమ్మనీ చప్పుడునీ ఒకే చోట కోస్తారు, అందుకే అతుకు కనిపిస్తుంది.

ఆ నూతి దగ్గర అమ్మ ఏం చెబుతుంది? బాగా లోతైన నూతిలో పగలు కూడా నక్షత్రం కనిపిస్తుందంటుంది. మనకి పగలు, దానికి రాత్రి. పిల్లాడు అడుగుతాడు, అమ్మ చెబుతుంది. ఈ మొత్తం సినిమాలో ఇవాన్ ఒక పెద్దవాళ్ళ మాట విని, నమ్మి, ఇంకో ప్రశ్న వేసే చోటు ఇదే. మెలకువలో వాడు ప్రశ్నలు వెయ్యడు, ఆజ్ఞలిస్తాడు. ఆ తర్వాత ఇవాన్ నూతి అడుగున నీళ్ళలో నక్షత్రాన్ని చేత్తో పట్టుకోబోతాడు. పైన ఏదో గలాటా, కాల్పు. బక్కెట్టు కిందికి పడుతుంది. తర్వాతి షాట్‌లో అమ్మ నూతి పక్కన బోర్లా పడి ఉంటుంది, ఆమె మీదికి నీళ్ళు చిమ్ముతాయి, నెమ్మదిగా.

స్లో మోషన్ వాడాడు కదా అని అడుగుతారు. వాడాడు, నీళ్ళకి. కెమెరాలో వేగం పెంచి తీస్తే, మామూలు వేగంతో వేసినప్పుడు నిదానంగా కనిపిస్తుంది. సెకనుకి 48 ఫ్రేములు తీసి 24కి వేస్తే సగం వేగం. మీ ఫోన్లలో 120, 240 ఉన్నాయి. ఉన్నాయని ట్యూబులైటు కింద తియ్యకండి. మన కరెంటు 50 హెర్ట్జ్, ఆ లైటు సెకనుకి వందసార్లు మినుకుతుంది, ఫోను ఆ మినుకునంతా పట్టుకుని వీడియో అంతా కొట్టుకుంటుంది. ఎండలో తియ్యండి. ఎండకి ఎదురుగా కెమెరా పెట్టి, నీళ్ళ వెనకనుంచి వెలుతురు వచ్చేలా చూసుకోండి. ముందునుంచి వెలుతురు పడిన నీళ్ళు తెర మీద కనిపించవు.

వాన విషయంలో కూడా ఇదే మాట. వచ్చేసింది కదా, మూడో కల. ఆపిల్ పళ్ళ లారీ.

లారీ నిండా పళ్ళు, వాటి మీద ఇవాన్, ఒక చిన్నపిల్ల. వాన. మెరుపులు. ఇవాన్ ఆ పిల్లకి పండు ఇస్తున్నాడు. కెమెరా ఆ పిల్ల మొహం ముందునుంచి మూడుసార్లు వెళ్తుంది. మూడుసార్లూ మొహం ఒకేలా ఉందా? లేదు. నవ్వు తగ్గుతూ వస్తుంది. ఏదో రాబోతోందని ఆ పిల్లకి తెలిసిపోయినట్టు. పాత్ర కదల్లేదు, మాట్లాడలేదు, మూడో మొహం దగ్గరికొచ్చేసరికి మనకి గుండెలో బరువెక్కుతుంది. వెనకాల చెట్లు నెగిటివ్‌లో పోతున్నాయి. నల్లటి ఆకాశం, తెల్లటి ఆకులు.

ఇది ఎలా చేశారు? వెనక కదిలే చెట్లు తెర మీద వేసినవి. మన స్టూడియోల్లో బ్యాక్ ప్రొజెక్షన్ అనేవాళ్ళు, పాత తెలుగు సినిమాల్లో కారు సీన్లన్నీ అవే. ముందు బండి మీంచి చెట్లు తీస్తారు. ఆ రీలు తెర వెనకనుంచి వేస్తారు. తెర ముందు కదలని లారీ, ఊపే మనుషులు. నెగిటివ్‌కి పెద్ద రసాయనం ఏమీ అక్కర్లేదు, పాజిటివ్ ప్రింటు బదులు నెగిటివ్ వేస్తే చాలు. కష్టం వేరే చోట ఉంది. ప్రొజెక్టరు, కెమెరా రెండిటి షట్టర్లు ఒకేసారి తెరుచుకోవాలి, లేకపోతే తెర మీద బొమ్మ మినుకుతుంది. మనుషుల మీద వేసే లైటు ఒక్క పిసరు తెర మీద పడినా నలుపు కాస్తా బూడిదరంగు అవుతుంది. అందుకని లారీని తెరకి దూరంగా పెట్టి, లైటు పక్కనుంచీ పైనుంచీ వెయ్యాలి. పైగా వాన పైపులు. పాజిటివ్‌లోంచి నెగిటివ్‌కి మారినప్పుడు కంటికి కుదుపు తగలకుండా మెరుపు కాపాడుతుంది. రెండు మూడు ఫ్రేములు తెల్లగా మెరిస్తే ఆ తెలుపులో అతుకు కలిసిపోతుంది.

గమనించండి, మొహాలు పాజిటివ్‌లోనే ఉన్నాయి. నెగిటివ్ అనేది ఇవాళ ఏ ఎడిటింగు యాప్‌లోనైనా ఒక బటన్. ఆ బటన్ నొక్కి ఫ్రేమంతా తిరగేస్తే ఏమవుతుంది? దంతాలు నల్లగా, కనుపాపలు తెల్లగా, దెయ్యం సినిమా అవుతుంది. ఇక్కడ పిల్లలు మామూలుగా ఉన్నారు, ప్రపంచం తలకిందులైంది. గ్రీన్ మ్యాట్ కట్టి, అంటే వెనక ఆకుపచ్చ తెర పెట్టి తర్వాత దాని చోట చెట్లు అతికించేలా తీద్దామంటే తడి జుట్టు, వాన చినుకులు రెండూ ఆకుపచ్చని పట్టేసుకుంటాయి, అంచులు కోయడం నరకం. దానికన్నా తేలిక దారి ఒకటుంది. క్లోజప్ అయితే 55, 65 అంగుళాల టీవీ ఒకటి అద్దెకి తెచ్చి, మనిషికి ఐదారు అడుగుల వెనక పెట్టి, అందులో తిరగేసిన చెట్ల వీడియో వెయ్యండి. కెమెరా 25 ఫ్రేములు, షట్టరు 1/50 పెట్టి ముందొకసారి పరీక్షించుకోండి, టీవీ మీద పట్టీలు కదిలితే షట్టరు కొంచెం అటూ ఇటూ మార్చాలి. గదిలో మిగతా లైట్లన్నీ ఆర్పేయాలి. వాన టీవీ మీద పడకుండా చూసుకోండి బాబూ, ఆ పూచీ నాది కాదు.

ఆ కల చివర పళ్ళు ఇసుక మీదికి దొర్లిపోతాయి, గుర్రాలు వచ్చి తింటాయి. దానికి అర్థం ఏమిటని ప్రతిచోటా అడుగుతారు. స్వర్గంలో ఆపిల్ అనీ, ఇంకోటనీ రాశారు. నేను ఒప్పుకోను. ఆకలితో చిక్కిశల్యమైన పిల్లాడికి కలలో లారీడు పళ్ళు వచ్చాయి. గుర్రాలు కూడా కడుపునిండా తిన్నాయి. నాకు అంతే చాలు.

ఇప్పుడు ఐదో కల. అమ్మాయి లెక్కపెట్టింది కదా. పాత చర్చి అడుగున ఉన్న గదిలో ఇవాన్ ఒక్కడే మిగిలినప్పుడు యుద్ధం ఆట ఆడతాడు. చేతిలో కత్తి, టార్చిలైటు. చీకట్లో టార్చి గోడ మీద పడుతుంది. గోడ మీద రాత ఉంది, చంపబోయే ముందు అక్కడ బంధించిన పిల్లలు రాసింది. మేం ఎనిమిదిమందిమి, పంతొమ్మిది దాటినవాళ్ళు ఎవరూ లేరు, కాసేపట్లో చంపేస్తారు, మా పగ తీర్చండి అని. ఏ పిల్లాడైనా ఆటలో ఉన్నప్పుడు గోడ కోట అవుతుంది, కర్ర తుపాకీ అవుతుంది. ఇక్కడ ఆట మొదలుపెట్టిన రెండు నిమిషాల్లో గోడలోంచి నిజంగా చచ్చిపోయినవాళ్ళ గొంతులు వస్తాయి. కొక్కేనికి వేలాడుతున్న కోటుని శత్రువనుకుని నిలదీస్తాడు, నీ మీద విచారణ జరుపుతానంటాడు, మాట పూర్తికాక ఏడుస్తాడు. అదే వాడు మెలకువలో పూర్తిగా విరిగిపోయే సీను. అది కల కాదమ్మా, కానీ నువ్వు లెక్కేసినందుకు సంతోషం. అక్కడ ఆటకీ కలకీ తేడా పోయింది. నిద్రపోకుండా పీడకల వచ్చింది.

బుర్ల్యాయెవ్‌కి అప్పుడు పధ్నాలుగు దాటి పదిహేనులో పడుతున్న వయసు, పన్నెండేళ్ళవాడిగా వేశాడు. పిల్లల్ని పెట్టి తీసేవాళ్ళు ఇది గుర్తుంచుకోవాలి. అంత బరువున్న సీను నిజంగా తొమ్మిది పదేళ్ళ పిల్లల చేత చేయించబోతే, వాళ్ళు ఏడవడం మాత్రమే చేయగలుగుతారు. ఏడుపు ఆపుకోవడం చేయలేరు. ఇవాన్ పాత్రంతా ఆపుకోవడం మీదే ఉంది. రెండేళ్ళు పెద్దవాణ్ణి, చిన్నగా కనిపించేవాణ్ణి వెతకండి.

జర్మన్ చిత్రకారుడు ద్యూరర్ బొమ్మల పుస్తకం సీను కూడా దీనికి అతికి ఉంది. జర్మన్లనుంచి పట్టుబడ్డ పుస్తకం. అందులో చెక్క మీద చెక్కి అచ్చువేసిన నలుగురు రౌతుల బొమ్మ, 1498 నాటిది. ఇవాన్ ఆ బక్కగుర్రం మీదివాణ్ణి చూపించి, వీడిలాంటివాణ్ణి మోటారు సైకిలు మీద చూశానంటాడు. నాలుగు వందల యాభై ఏళ్ళ కిందటి చిత్రం వాడికి కళ కాదు, గుర్తింపు పెరేడు. ఇంకో బొమ్మ చూపించి గాల్త్సెవ్ ఇతను రచయితో డాక్టరో అంటే, జర్మన్లకి రచయితలెక్కడున్నారు, పుస్తకాలు కూడలిలో తగలబెట్టడం చూశానంటాడు. పిల్లాడు అబద్ధం ఆడటం లేదు. వాడికి తెలిసిన జర్మనీ అంతే. ఆ మాటకి గాల్త్సెవ్ దగ్గరే కాదు, మన దగ్గర కూడా జవాబు ఉండదు.

ఈ సినిమా ఇటలీలో వెళ్ళినప్పుడు అక్కడి కమ్యూనిస్టు పత్రికలో దీన్ని తక్కువచేసి రాశారు, ఇది పాతకాలపు భావుకత అన్నట్టుగా. ఫ్రెంచి తత్త్వవేత్త సార్త్ర్ ఆ పత్రిక సంపాదకుడికి పెద్ద ఉత్తరం రాశాడు. యుద్ధం ఆ పిల్లాణ్ణి ఒక వికృతజీవిగా తయారుచేసింది, అయినా వాడు అందరికన్నా అమాయకుడైన బాధితుడు అన్నది ఆయన వాదం. వీరబాలుడి కథలకి అలవాటుపడ్డవాళ్ళకి ఆ మాట మింగుడుపడదు. మనకీ పడదు. చిన్నప్పుడు మాస్కో నుంచి తెలుగులో వచ్చిన పుస్తకాలు విశాలాంధ్రలో కొనుక్కుని చదివినవాళ్ళు ఇక్కడ చాలామంది ఉంటారు, వాటిలో వీరబాలురు ఉన్నారు. ఇవాన్ కూడా వీరుడే. కానీ ఈ సినిమా వాడి ధైర్యాన్ని చూసి గర్వపడమని మనల్ని ఒక్క షాట్‌లోనూ అడగదు. పెద్దవాళ్ళు వాణ్ణి సైనిక పాఠశాలకి పంపేద్దామంటారు, వాడు వెళ్ళనంటాడు, చివరికి పెద్దవాళ్ళే పడవ ఎక్కించి నది దాటించి వదిలేస్తారు. అందరూ వాణ్ణి ప్రేమించేవాళ్ళే. అది చూడ్డం కష్టంగా ఉంటుంది.

సైన్యంలో వైద్యం చూసే మాషా, కెప్టెన్ ఖోలిన్‌ల బర్చ్ అడవి సీను గురించి అడుగుతారని తెలుసు. కందకం మీదుగా ఆమెని పట్టుకుని ముద్దు పెట్టుకోవడం, కెమెరా కందకం అడుగునుంచి చూడ్డం. అద్భుతమైన షాట్. ఇవాళ్టి విషయం కాదు, వదిలేస్తున్నాను.

ఇక బెర్లిన్. 1945. ఉన్నట్టుండి నిజమైన యుద్ధ చిత్రాలు వస్తాయి, న్యూస్‌రీల్. గోబెల్స్ కాలిన శవం, వాళ్ళ పిల్లల శవాలు. ఇవి ఎందుకు పెట్టాడు? ఇంతసేపూ ఒక పక్క పిల్లాణ్ణి చూశాం. అటుపక్క పిల్లలు కూడా పెద్దవాళ్ళ చేతుల్లోనే చచ్చిపోయారు. తర్వాత గాల్త్సెవ్‌కి కాగితాల కుప్పలో ఇవాన్ ఫొటో దొరుకుతుంది. నవలికలో కాల్చి చంపారని ఉంటుంది, సినిమాలో ఉరి. ఆ గది చూపిస్తాడు. పిల్లాణ్ణి చూపించడు.

అప్పుడు నాలుగో కల. అమ్మ మళ్ళీ బక్కెట్టుతో. ఇసుక ఒడ్డు, పిల్లలు దాగుడుమూతలు, ఇవాన్ ఆ పిల్ల వెంట నీళ్ళ అంచున పరుగు, ఆమెని దాటేసి ముందుకి, ఎదురుగా ఎండిపోయిన నల్లటి చెట్టు. మొదటి షాట్‌లో లేత చెట్టు, చివరి షాట్‌లో మోడు.

మూడు అన్నవాళ్ళూ తప్పు కాదని అన్నాను కదా. ఇది ఎవరి కల? ఇవాన్ అప్పటికే లేడు. కలగనేవాడు లేకుండా కల ఎలా వస్తుంది? కొందరు గాల్త్సెవ్ ఊహ అంటారు. కానీ ఆ అమ్మని గాల్త్సెవ్ ఎప్పుడూ చూడలేదు, ఆ పిల్లని చూడలేదు. చూసింది ఇద్దరే: ఇవాన్, మనం. ఇవాన్ పోయాక ఆ జ్ఞాపకం మన దగ్గర మిగిలింది. ఇంతసేపూ వాడు నిద్రపోయినప్పుడల్లా మనల్ని లోపలికి రానిచ్చి, ఆఖరికి వాడి కలని మన చేతిలో పెట్టి సినిమా అయిపోయింది. అందుకే మొదటి మూడు కలల్లో ఏదో ఒక ప్రమాదం జొరబడినా, ఇందులో కాల్పు లేదు, అరుపు లేదు. మెలకువ వచ్చేవాడు లేడు కదా.

ఇప్పుడు మన ఊరి సంగతి, దాంతో ముగిస్తాను. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. ఊళ్ళోంచి జనం పల్లెలకి తరలిపోయారు. యుద్ధం ఎక్కడో రష్యాలో, జర్మనీలో జరిగిందనుకుంటాం కానీ ఆ రోజు ఈ ఊళ్ళో కూడా పిల్లలున్నారు. అప్పుడు ఐదారేళ్ళ వయసున్నవాళ్ళకి ఇప్పుడు తొంభై. వన్‌టౌన్‌లో, కొత్త రోడ్డు వైపు, భీమిలిలో, మీ మీ ఇళ్ళల్లో కొందరైనా ఉండి ఉంటారు. ఆర్కే బీచ్‌లో కుర్సురా సబ్‌మెరైన్ ఎక్కి పిల్లలు ఫొటోలు దిగుతారు, మంచిదే, అది కూడా సోవియట్‌లో తయారైందే. దాని పక్కనే ఈ పెద్దవాళ్ళ మాటలు కూడా మనకి ఉండాలి. ఉన్నాయా? చాలా తక్కువ.

షార్ట్ ఫిల్ములు తీసేవాళ్ళని ఒకటి కోరుతున్నాను. వెళ్ళి వాళ్ళ మాటలు రికార్డు చెయ్యండి. “అప్పుడు మీకు ఎలా అనిపించింది” అని అడక్కండి, ఆ ప్రశ్నకి అందరూ ఒకే జవాబు చెబుతారు, భయమేసిందని. ఇవాన్ కలల్లో ఏమున్నాయి? బక్కెట్టు, నూయి, పండు, ఈక, ఇసుక. అలాంటివి అడగండి. ఆ రోజు ఇంట్లో ఏం వండారు? ఏ దారిన వెళ్ళారు, నడిచా, బండి మీదా? మూటలో ఏం కట్టారు, ఏం వదిలేశారు? వెళ్ళిన ఊళ్ళో నీళ్ళు ఎక్కడ తోడేవారు? ఆవుని ఏం చేశారు? తర్వాత ఎప్పుడైనా ఆ రోజు కలలోకి వచ్చిందా, వస్తే అందులో ఎవరున్నారు? ఒక వస్తువు గురించి అడిగితే దాని వెనక మనుషులు వాళ్ళంతట వాళ్ళే వస్తారు.

పొద్దున్న పది లోపు వెళ్ళండి, మధ్యాహ్నానికి వాళ్ళు అలిసిపోతారు. నలభై నిమిషాలకి మించి కూర్చోబెట్టొద్దు, మిగిలితే ఇంకో రోజు. కెమెరా కన్నా మైకు ముఖ్యం, చీరకో చొక్కాకో గుండె దగ్గర పెట్టే చిన్న మైకు చాలు, మెళ్ళో గొలుసు తగలకుండా చూడండి. ఫ్యాను ఆపమని ముందే ఇంట్లోవాళ్ళని అడగండి, ఫ్యాను మోతని తర్వాత సాఫ్ట్‌వేరుతో తీయబోతే గొంతు కూడా పాడవ్వచ్చు. వాళ్ళు మాట ఆపి ఊరుకున్నప్పుడు మీరు తొందరపడి ఇంకో ప్రశ్న వెయ్యకండి, పది సెకన్లు ఆగండి. పేరు, ఊరు, పుట్టిన ఏడు, రికార్డు చేసిన తేదీ ముందే గొంతుతో చెప్పించండి. వాళ్ళ అనుమతి అడగండి, ఒక కాపీ ఆ ఇంట్లో ఇవ్వండి. రెండు వేరు వేరు చోట్ల దాచండి.

ప్రశ్నలుంటే అడగండి. ముందు ఆ మూల కూర్చున్న పెద్దాయన, మైకు ఆయనకివ్వండి.